అణు విద్యుత్ కేంద్రం దగ్గర్లో ఉంటే ప్రమాదమా? కొవ్వాడ నుంచి గల్ఫ్ దాకా మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

అణు విద్యుత్ అనగానే మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అది బాంబు లాంటిది, దగ్గరికి పోతేనే క్యాన్సర్" అనేది ఒకటి. "పొగ లేదు, మసి లేదు, దేశానికి కరెంటు కావాలి కదా, భయమెందుకు?" అనేది రెండోది. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత తప్పు ఉంది.

ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ తీరంలో ఆరు పెద్ద రియాక్టర్లు కట్టాలనే ప్రతిపాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. దేశంలోని రియాక్టర్లకు ఇంధనం తయారు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. రియాక్టర్లలో వాడే భారజలం మణుగూరులో తయారవుతుంది. యురేనియం కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్నారు. ఇక మన పిల్లలు, అన్నదమ్ములు ఉద్యోగాలు చేసే యూఏఈలో నాలుగు రియాక్టర్ల బరాకా కేంద్రం నడుస్తోంది. అందుకే ఈ కేంద్రాల వల్ల గాలికి, నీళ్లకు, మనుషులకు ఏమవుతుందో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో ఒకచోట చెప్పే ప్రయత్నం ఇది.

అసలు ఈ కేంద్రం ఎలా పని చేస్తుంది?

బొగ్గు కేంద్రంలో బొగ్గు మండించి నీళ్లను ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పితే కరెంటు పుడుతుంది. అణు కేంద్రంలోనూ అంతే. తేడా పొయ్యిలోనే ఉంది. ఇక్కడ యురేనియం పరమాణువులు చీలినప్పుడు వచ్చే వేడితో నీళ్లు మరుగుతాయి.

అది బాంబులాగా పేలదు. బాంబుకు కావాల్సినంత శుద్ధి చేసిన యురేనియం విద్యుత్ రియాక్టర్లలో ఉండదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. రియాక్టర్‌ను ఆపేసినా లోపలి ఇంధనం వెంటనే చల్లబడదు. రోజులు, నెలల పాటు వేడి పుడుతూనే ఉంటుంది. పొయ్యి ఆర్పినా నిప్పులు కణకణలాడినట్టు. అందుకని నీళ్లు, వాటిని తోడే పంపులు, ఆ పంపులకు కరెంటు ఎప్పుడూ ఉండాలి. అవి ఆగిపోతే ఇంధనం కరిగిపోతుంది, రేడియోధార్మిక పదార్థాలు బయటికి వచ్చే అవకాశం ఏర్పడుతుంది.

మామూలు రోజుల్లో ఎంత రేడియేషన్ వస్తుంది?

రేడియేషన్ మనకు కొత్త కాదు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రతి మనిషికీ అందుతూనే ఉంటుంది. దీన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు.

- ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందేది: సుమారు 2.4
- ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో: సుమారు 0.1
- కడుపు సీటీ స్కాన్‌తో: సుమారు 8 నుంచి 10
- అణు కేంద్రాల వల్ల బయటి ప్రజలకు ఏడాదికి దాటకూడని పరిమితి: 1
- లోపల పనిచేసే సిబ్బందికి పరిమితి: ఏడాదికి సగటున 20

మామూలుగా నడుస్తున్న కేంద్రం పక్కన ఉండేవారికి అదనంగా అందేది ఆ 1 మిల్లీసీవర్ట్‌లో చిన్న భాగమే. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇసుకలో థోరియం ఎక్కువ. అక్కడ ఏ కేంద్రమూ లేకపోయినా జనానికి ప్రకృతి నుంచే దీనికంటే చాలా ఎక్కువ రేడియేషన్ అందుతోంది.

అలాగని అనుమానాలన్నీ తీరిపోలేదు. జర్మనీలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో అణు కేంద్రాలకు 5 కిలోమీటర్ల లోపు ఉన్న ఐదేళ్లలోపు పిల్లల్లో రక్త క్యాన్సర్ కేసులు ఎక్కువగా కనిపించాయి. అక్కడ విడుదలైన రేడియేషన్ అంత తక్కువ కాబట్టి అదే కారణమని శాస్త్రవేత్తలు చెప్పలేకపోయారు. బ్రిటన్‌లో అలాంటి పరిశీలనే చేస్తే చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. అందుకే కేంద్రం కట్టకముందే చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్య సర్వే చేసి, ఆ లెక్కలు బయటపెట్టాలి. ముందు లెక్క లేకపోతే తర్వాత జబ్బులు పెరిగాయా లేదా అన్నది ఎవరూ తేల్చలేరు.

బొగ్గుతో పోలిస్తే

వాతావరణం విషయంలో అణు విద్యుత్‌కు మంచి మార్కులే పడతాయి. గని తవ్వకం నుంచి కేంద్రం మూసేదాకా అంతా కలిపి లెక్కేస్తే ఒక యూనిట్ కరెంటుకు విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ సుమారు 12 గ్రాములని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల కమిటీ 2014లో చెప్పింది. బొగ్గుకు అది సుమారు 820 గ్రాములు. పవన విద్యుత్ కూడా దాదాపు అణు విద్యుత్ స్థాయిలోనే ఉంటుంది.

బొగ్గు పొగ, బూడిద వల్ల ఊపిరితిత్తుల జబ్బులు, గుండె జబ్బులు వస్తాయని మనకు తెలుసు. రామగుండం, విజయవాడ, పరవాడ ప్రాంతాల్లో బూడిద చెరువుల పక్కన ఉండేవారికి అది చెప్పనక్కర్లేదు. బొగ్గు బూడిదలోనూ కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి. ఒకే మొత్తం కరెంటుకు ఎంతమంది ప్రాణాలు పోయాయని లెక్కేస్తే, చెర్నోబిల్ లాంటి ప్రమాదాలను కలుపుకున్నా బొగ్గు కంటే అణు విద్యుత్ వల్ల పోయినవి వందల రెట్లు తక్కువ.

మరి భయమెందుకు? బొగ్గు నష్టం రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది. అణు నష్టం అరుదుగా జరుగుతుంది. జరిగితే మాత్రం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది, ఏళ్ల తరబడి తిరిగి రాలేరు.

సముద్రం, చేపలు, నీళ్లు

రియాక్టర్‌లో పుట్టే వేడిలో దాదాపు మూడో వంతే కరెంటుగా మారుతుంది. మిగతా రెండు వంతుల వేడి నీళ్లలోకి పోతుంది. సముద్రం ఒడ్డున కట్టే వెయ్యి మెగావాట్ల రియాక్టర్‌కు సెకనుకు పదుల వేల లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు వేడెక్కి మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి. సముద్రపు నీటికీ వదిలే నీటికీ మధ్య తేడా 7 డిగ్రీలు దాటకూడదని మన దేశంలో కొత్త కేంద్రాలకు నిబంధన ఉంది.

ఇక్కడ మత్స్యకారుల ఆందోళనలు మూడు. నీళ్లు లాగే చోట చేప గుడ్లు, పిల్లలు పంపుల్లో పడి చనిపోతాయి. వేడి నీళ్లు కలిసే చోట కొన్ని జాతులు ఆ ప్రాంతాన్ని వదిలిపోతాయి. భద్రత పేరుతో కేంద్రం ముందు సముద్రంలో వలలు వేయనివ్వరు. రేడియేషన్ సంగతి పక్కన పెట్టినా, పొట్టకూటికి తగిలే దెబ్బ మొదటి రోజు నుంచే ఉంటుంది.

నీళ్లు ఇబ్బంది పెట్టినప్పుడు కేంద్రాలూ ఆగుతాయి. 2022 ఎండల్లో ఫ్రాన్స్ నదులు వేడెక్కడంతో కొన్ని రియాక్టర్లలో ఉత్పత్తి తగ్గించారు. 2025 ఆగస్టులో అదే దేశంలోని గ్రావలీన్ కేంద్రంలో జెల్లీ చేపల గుంపులు నీళ్లు తోడే చోట అడ్డుపడటంతో నాలుగు రియాక్టర్లు ఆగిపోయాయి.

వాడేసిన ఇంధనం ఎక్కడికి పోతుంది?

వెయ్యి మెగావాట్ల రియాక్టర్ నుంచి ఏడాదికి సుమారు 20 నుంచి 30 టన్నుల వాడేసిన ఇంధనం వస్తుంది. బొగ్గు బూడిద లక్షల టన్నులతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ దీని ఆయుష్షు ఎక్కువ. ఇందులోని అయోడిన్-131 శక్తి 8 రోజులకు సగం తగ్గుతుంది. సీసియం-137 సగం తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది. ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు.

ముందు దీన్ని కేంద్రంలోనే లోతైన నీటి తొట్టెల్లో కొన్నేళ్లు చల్లబరుస్తారు. మన దేశంలో చాలావరకు దాన్ని మళ్లీ శుద్ధి చేసి పనికొచ్చేది వేరు చేస్తారు. మిగిలిన తీవ్రమైన వ్యర్థాన్ని గాజులో కలిపి గడ్డకట్టించి భద్రపరుస్తారు. శాశ్వతంగా భూగర్భంలో పాతిపెట్టే స్థలం మన దేశంలో ఇంకా లేదు. ఫిన్లాండ్ మాత్రం ఓంకలో అనే చోట 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వి సిద్ధం చేసుకుంది.

ఈ భూమి మనకు అమానత్ అని మన ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. మనం వాడుకునే కరెంటు కోసం వందల తరాల తర్వాత పుట్టేవాళ్లకు కాపలా పని అప్పగిస్తున్నాం. ఈ చర్చలో ఆ సంగతి మర్చిపోకూడదు.

కథ గని దగ్గరే మొదలవుతుంది

కేంద్రం ఒక్కదాన్నే చూస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి, శుద్ధి చేశాక మిగిలిన బురదను ఒక చెరువులోకి వదులుతారు. ఆ చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని కె.కె. కొట్టాల లాంటి ఊళ్ల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. తెలంగాణలో నల్లమల అడవిలో యురేనియం అన్వేషణపై 2019లో పెద్ద ఉద్యమం నడిచింది. అదే ఏడాది సెప్టెంబరులో అసెంబ్లీ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కేంద్రం కట్టే చోట ఎంత జాగ్రత్త చూపిస్తారో గని దగ్గరా అంతే చూపించాలి.

మూడు ప్రమాదాలు, మూడు పాఠాలు

*త్రీమైల్ ఐలాండ్, అమెరికా, 1979 మార్చి 28.* ఒక వాల్వ్ మూసుకోలేదు. అది తెరిచే ఉందని సిబ్బందికి అర్థం కాలేదు. ఇంధనం కొంత కరిగింది. చుట్టూ ఉన్న కాంక్రీటు గుమ్మటం నిలబడటంతో బయటికి వచ్చిన రేడియేషన్ చాలా తక్కువ. గుమ్మటం విలువ ఎంతో ఆ రోజు తెలిసింది.

*చెర్నోబిల్, అప్పటి సోవియట్ యూనియన్, 1986 ఏప్రిల్ 26.* రాత్రి పరీక్ష చేస్తుండగా నాలుగో రియాక్టర్ పేలింది. దానికి అలాంటి గట్టి గుమ్మటం లేదు. పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణంలో సుమారు 49 వేల మంది ఉన్నారు. దాదాపు 36 గంటల దాకా వాళ్లను కదిలించలేదు. పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. స్వీడన్‌లోని ఒక అణు కేంద్రంలో 28న రేడియేషన్ పసిగట్టాకే సోవియట్ ప్రభుత్వం ప్రమాదాన్ని ఒప్పుకుంది. మే 1న కీవ్‌లో ఊరేగింపు కూడా జరిపారు.

తొలి నెలల్లోనే సిబ్బంది, అగ్నిమాపక దళం వారిలో సుమారు 30 మంది చనిపోయారు. మొత్తం మీద సుమారు మూడున్నర లక్షల మంది ఇళ్లు వదిలారు. ఎక్కువ రేడియేషన్‌కు గురైన వారిలో క్యాన్సర్ మరణాలు 4 వేల దాకా ఉండవచ్చని 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. అంతకంటే చాలా ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు. అందరూ ఒప్పుకునే నష్టం పిల్లలదే. గాలిలో వచ్చిన అయోడిన్-131 గడ్డి మీద పడింది. ఆ గడ్డి ఆవులు తిన్నాయి. ఆ పాలు పిల్లలు తాగారు. అప్పట్లో పిల్లలుగా, టీనేజర్లుగా ఉన్నవారిలో 2005 నాటికి 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు తేలాయి. చికిత్సతో చాలామంది బతికారు. కానీ "ఈ వారం పాలు పోయకండి" అని తల్లులకు వేళకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ జబ్బులో చాలా భాగం తప్పేది.

*ఫుకుషిమా, జపాన్, 2011 మార్చి 11.* 9.0 తీవ్రత భూకంపం తర్వాత సుమారు 14-15 మీటర్ల సునామీ వచ్చింది. కేంద్రాన్ని 5.7 మీటర్ల అల వస్తుందనే లెక్కతో సిద్ధం చేశారు. కింది అంతస్తుల్లోని డీజిల్ జనరేటర్లు మునిగాయి. కరెంటు లేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. 15 మీటర్లకు పైగా అల రావచ్చని కంపెనీ సొంత లెక్క 2008లోనే చెప్పింది, చర్య మాత్రం తీసుకోలేదు. ఇది మనుషులు తెచ్చిపెట్టిన ప్రమాదమేనని జపాన్ పార్లమెంటు కమిషన్ 2012లో తేల్చింది.

ఇక్కడ పాఠం చెర్నోబిల్‌కు తలకిందులు. రేడియేషన్ వల్ల వెంటనే ఎవరూ చనిపోలేదు. తర్వాత ఒక కార్మికుడి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాన్ని ప్రభుత్వం దీనికి లెక్కగట్టింది. లక్షన్నరకు పైగా జనాన్ని మాత్రం హడావుడిగా తరలించారు. ఒక ఆసుపత్రి, దాని వృద్ధాశ్రమం నుంచి కదిలించిన వారిలో పదుల మంది దారిలోనూ ఆ తర్వాతా చనిపోయారు. తరలింపు, శిబిరాల్లో జీవితం, ఆగిపోయిన వైద్యం, మానసిక కుంగుబాటు వల్ల ఫుకుషిమా జిల్లాలో 2,300 మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్క.

చెర్నోబిల్‌లో ఆలస్యం చంపింది, ఫుకుషిమాలో ప్రణాళిక లేని తొందర చంపింది. అణు కేంద్రం దగ్గర్లో ఉండేవారికి మంచి రియాక్టర్ ఎంత అవసరమో, నిజం వేళకు చెప్పే అధికారులు, ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక అంతే అవసరం.

మన దేశంలో ఏం జరిగింది?

మన తొలి కేంద్రం తారాపూర్, 1969లో మొదలైంది. ఇప్పుడు దేశం మొత్తం అణు సామర్థ్యం సుమారు 8,800 మెగావాట్లు. దేశంలో పుట్టే కరెంటులో సుమారు 3 శాతం. చెర్నోబిల్ లాంటి ప్రమాదం ఇక్కడ జరగలేదు. ప్రమాదం అంచుదాకా వెళ్లిన సందర్భం మాత్రం ఉంది.

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి 17 గంటల పాటు కేంద్రానికే కరెంటు లేదు. సిబ్బంది చీకట్లో టార్చిలైట్లతో పైకెక్కి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా చేత్తో వాల్వ్‌లు తిప్పి బోరాన్ ద్రవం వదిలారు. రేడియేషన్ బయటికి రాలేదు.

2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం కేంద్రం పంపుహౌస్‌లోకి సముద్రం వచ్చింది. నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగా ఆపారు. పక్కనే ఉన్న టౌన్‌షిప్‌లో మాత్రం సునామీకి ప్రాణాలు పోయాయి. కూడంకుళంలో మత్స్యకారుల పెద్ద ఉద్యమం తర్వాత 2013 మేలో సుప్రీంకోర్టు 15 ఆదేశాలు పెట్టి కేంద్రానికి అనుమతి ఇచ్చింది. 2019లో అక్కడి ఆఫీసు కంప్యూటర్లలో వైరస్ దొరికిందని, రియాక్టర్ నడిపే వ్యవస్థ దానికి వేరుగా ఉందని న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ చెప్పింది.

భద్రతను చూసే సంస్థ పేరు అణుశక్తి నియంత్రణ మండలి. తాను తనిఖీ చేయాల్సిన శాఖ నీడలోనే అది ఉందని, తగినంత స్వతంత్రత లేదని కాగ్ 2012లో తప్పుపట్టింది. పరీక్ష రాసేవాడూ పేపర్ దిద్దేవాడూ ఒకే ఇంటివాళ్లయితే మార్కుల మీద జనానికి నమ్మకం కుదరదు.

కొవ్వాడ సంగతి

కొవ్వాడలో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ తయారుచేసే ఏపీ-1000 రకం రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రతిపాదన. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. ఇవి మొదట గుజరాత్‌లోని మీఠీ విర్దీకి అనుకున్నవి.

ఈ డిజైన్‌లో ఒక మంచి గుణం ఉంది. గుమ్మటం పైభాగంలో నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు పోయినా, పంపులు ఆగినా, మనిషి చేయి పడకుండానే 72 గంటల పాటు నీళ్లు వాటంతట అవే కిందికి వచ్చి చల్లబరుస్తాయి. ఫుకుషిమాలో లేనిది ఇదే.

ఖర్చు సంగతి వేరు. ఇదే రకం రెండు రియాక్టర్లను అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్టిల్ దగ్గర కట్టారు. అనుకున్న దానికంటే సుమారు ఏడేళ్లు ఆలస్యమై 2023, 2024లో మొదలయ్యాయి. ఖర్చు 14 బిలియన్ డాలర్ల అంచనా నుంచి 30 బిలియన్లు దాటింది. మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరింది. ఆ ఖర్చు చివరికి కరెంటు బిల్లులోనే వస్తుంది.

దూరాల లెక్క కూడా తెలుసుకోవాలి. మన నిబంధనల ప్రకారం రియాక్టర్ చుట్టూ కనీసం 1 కిలోమీటరు దాకా ఎవరూ నివసించకూడదు. 5 కిలోమీటర్ల దాకా జనాభా మరీ పెరగకుండా చూడాలి. 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. ఆ ప్రణాళికకు బాధ్యుడు జిల్లా కలెక్టర్. బయటి జనాన్ని కలుపుకొని రెండేళ్లకోసారి రిహార్సల్ జరగాలి. ఉత్తరాంధ్ర తీరానికి తుపాన్లు కొత్త కాదు. తుపాను రోజునే ప్రమాదం జరిగితే ఏ రోడ్డున పోవాలి అన్న ప్రశ్నకు కూడా ఆ ప్రణాళికలో జవాబు ఉండాలి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

అబుధాబి పశ్చిమాన అల్ ధఫ్రా ప్రాంతంలోని బరాకా, అరబ్ దేశాల్లో మొదటి అణు విద్యుత్ కేంద్రం. కొరియా కంపెనీ కట్టింది. మొదటి రియాక్టర్ 2021లో, నాలుగోది 2024లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. మొత్తం 5,600 మెగావాట్లు. యూఏఈ కరెంటులో దాదాపు నాలుగో వంతు ఇక్కడి నుంచే వస్తుంది. సముద్రానికి అవతల ఇరాన్ ఒడ్డున బుషెహర్ కేంద్రం 2011 నుంచి నడుస్తోంది.

గల్ఫ్‌లో ముఖ్యమైన విషయం తాగునీరు. అక్కడి నగరాలు సముద్రపు నీళ్లలోని ఉప్పు తీసి తాగుతాయి. ఆ సముద్రం లోతు తక్కువ, చాలావరకు మూసుకున్నట్టు ఉంటుంది. అందుకే 2025 జూన్ యుద్ధంలో బుషెహర్ మీద దాడి జరిగితే భారీగా రేడియోధార్మికత విడుదల కావచ్చని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి గ్రోసీ భద్రతా మండలిలో హెచ్చరించారు. అక్కడ ఉన్న మనవాళ్లు ఆ దేశ ప్రభుత్వం ఫోన్లకు పంపే అత్యవసర సందేశాలను ఆపేయకుండా పెట్టుకోవాలి. రెండు మూడు రోజులకు సరిపడా తాగునీరు గదిలో ఉంచుకోవడం మంచిది. ఇక్కడి ఇంట్లోవాళ్లు వాట్సాప్ వీడియోలు చూసి కంగారుపడి, అక్కడున్న పిల్లలను కంగారుపెట్టొద్దు.

నష్టపరిహారం ఎవరిస్తారు?

2010లో పార్లమెంటు చేసిన అణు నష్ట పౌర బాధ్యత చట్టం పెద్ద కేంద్రం నడిపే సంస్థ బాధ్యతను 1,500 కోట్ల రూపాయల దగ్గర ఆపింది. భోపాల్ అనుభవం గుర్తుండబట్టి, నాసిరకం సామగ్రి వల్ల ప్రమాదం జరిగితే సరఫరా చేసిన కంపెనీ మీద కూడా వసూలుకు వెళ్లే హక్కు అందులో పెట్టారు. విదేశీ కంపెనీలు వెనకడుగు వేయడానికి ఇదే ముఖ్య కారణమన్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి పేరుతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. అది ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది, నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, సరఫరాదారు మీద ఉన్న ఆ పాత నిబంధనను తీసేసింది.

పోలిక కోసం ఒక లెక్క. ఫుకుషిమా పరిహారం, శుభ్రం చేయడం, కేంద్రం మూసివేత అన్నీ కలిపి 21.5 లక్షల కోట్ల యెన్‌లు అవుతాయని జపాన్ ప్రభుత్వం 2016లో అంచనా వేసింది. మన రూపాయల్లో పది లక్షల కోట్లు దాటుతుంది. చట్టంలో రాసుకునే పరిమితికీ నిజంగా జరిగే నష్టానికీ మధ్య ఎంత దూరమో దీన్నిబట్టి చూసుకోవచ్చు. మిగతాది ప్రజల డబ్బుతో కట్టాలి, లేదా బాధితులు భరించాలి.

ప్రమాద హెచ్చరిక వస్తే ఇంట్లో ఏం చేయాలి?

1. ముందు ఇంట్లోకి వెళ్లండి. తలుపులు, కిటికీలు మూయండి. కూలర్లు, బయటి గాలి లాగే ఫ్యాన్లు ఆపండి. పక్కా ఇల్లు, లోపలి గది మేలు. చెప్పకుండా రోడ్డెక్కితే ట్రాఫిక్‌లో చిక్కుకుని ఎక్కువ రేడియేషన్‌కు గురయ్యే ప్రమాదం ఉంది.

2. బయట నుంచి వచ్చినవారు పైబట్టలు గుమ్మం దగ్గరే విప్పి, సంచిలో కట్టి దూరంగా పెట్టాలి. ఒంటికి అంటిన దుమ్ములో దాదాపు 90 శాతం దానితోనే పోతుంది. తర్వాత సబ్బుతో స్నానం చేయాలి, గట్టిగా రుద్దకూడదు.

3. అధికారులు చెప్పేదాకా బయట మేసిన పశువుల పాలు, ఆకుకూరలు, బయట ఆరబెట్టిన తిండి, మూత లేని బావి నీళ్లు వాడొద్దు. డబ్బాల్లో, ప్యాకెట్లలో ముందే ఉన్నవి వాడుకోవచ్చు. పసిపిల్లల పాల విషయంలో మరీ జాగ్రత్త.

4. పొటాషియం అయోడైడ్ మాత్రలు అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. అవి థైరాయిడ్‌ను మాత్రమే, రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులకు మొదటి అవసరం. నలభై దాటినవారికి ప్రయోజనం తక్కువ. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి.

5. గాయాలకు పూసే అయోడిన్ మందు తాగితే విషం. ఉప్పు ఎక్కువ తింటే రక్షణ రాదు. 2011లో ఫుకుషిమా తర్వాత చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం దుకాణాల మీద ఎగబడ్డారు, ఏ ఉపయోగమూ లేకపోయింది.

6. తరలించాల్సి వస్తే మందుల చీటీలు, షుగర్, బీపీ మందులు, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టులు ఒకే సంచిలో ఉండాలి. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లు ఉంటే ఆ సంగతి వార్డు వాళ్లకు ముందే రాయించాలి. ఫుకుషిమాలో ఎక్కువగా నష్టపోయింది వాళ్లే.

7. మొహల్లాలో మసీదు మైకు, గుడి మైకు, చర్చి మైకు ఏదైనా సరే, అధికారిక ప్రకటన చదవడానికే వాడాలి. ఎవరో పంపిన ఆడియోను వినిపించొద్దు.

అడగాల్సిన ప్రశ్నలు

అణు విద్యుత్ వద్దనేవారికీ కావాలనేవారికీ తమ తమ కారణాలు ఉన్నాయి. కేంద్రం వస్తుందన్న చోట ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఏ పక్షాన ఉన్నా ఈ ప్రశ్నలు చేతిలో ఉంచుకోండి. సైరన్ మోగితే మా ఊరికి ఎన్ని నిమిషాల్లో వినిపిస్తుంది? అత్యవసర ప్రణాళిక తెలుగులో, ఉర్దూలో ఎక్కడ దొరుకుతుంది? ఆఖరి రిహార్సల్ ఎప్పుడు జరిగింది, అందులో మా ఊరు ఉందా? రేడియేషన్ మీటర్ అంకెలు రోజూ బయటపెడతారా? ముందస్తు ఆరోగ్య సర్వే ఎవరు చేశారు? వేటకు వెళ్లే సముద్రం పోతే పరిహారం ఎన్నేళ్లు ఇస్తారు? వాడేసిన ఇంధనం ఇక్కడ ఎంతకాలం ఉంటుంది?

ఈ జవాబులు కాగితం మీద, సంతకంతో ఇవ్వగలిగిన కేంద్రాన్ని నమ్మడానికి ఆధారం ఉంటుంది. "భయపడకండి, అంతా మేం చూసుకుంటాం" అని ఊరుకుంటే మాత్రం ఒప్పుకోవద్దు. ప్రిప్యాత్‌లో ఆ రెండు రోజులూ ఎవరూ భయపడలేదు, ఎందుకంటే వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.